వెయ్యి కిలోమీటర్లకు బయల్దేరి ఏడు వందల యాభై తొమ్మిది దగ్గర ఆగిన రోజు

మూసాపేటలోని మా ఇంటి నుంచి హైటెక్ సిటీలో నేను పనిచేసే ఆఫీసుకు పది కిలోమీటర్లు. ఎనిమిదేళ్లుగా నా నూట యాభై సీసీ బండి మీదే వెళ్ళి వస్తున్నాను. పోయిన ఏడాది ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మీటరు చూస్తే నలభై వేలు దాటి ఉంది. అన్ని వేల కిలోమీటర్లు తిరిగిన బండి ఒక్కసారి కూడా ఊరు దాటలేదు. ఆ మాటకొస్తే నేనూ దాటలేదు, బస్సులోనో రైల్లోనో తప్ప. ఒక్క రోజులో నేను ఎంత దూరం వెళ్ళగలను అన్న ప్రశ్న ఆ సిగ్నల్ దగ్గరే పుట్టింది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది ఎక్కడ విఫలమవుతుందో వెతకడమే నా పని. నలభై మూడేళ్ళు వచ్చినా నన్ను నేను ఎప్పుడూ అలా పరీక్షించుకోలేదు.

మా ఆఫీసు ప్రాంతంలో బైకులు నడిపేవాళ్ళ బృందం ఒకటుంది. ఇరవై నాలుగు గంటల్లో వెయ్యి కిలోమీటర్లు పూర్తి చేసినవాళ్ళకు వాళ్ళు సర్టిఫికెట్ ఇస్తారు. బయల్దేరిన చోట, వెనక్కి తిరిగిన చోట, ముగించిన చోట సమయం ముద్రించిన పెట్రోలు బిల్లులు కావాలి. ఆగిన ప్రతిచోటా మీటరు ఫొటో తీయాలి. వాటికి తోడు నేను ఇంకొకటి పెట్టుకున్నాను. ఆగిన ప్రతిసారీ ఫోన్లో నా గొంతుతో మూడు విషయాలు రికార్డు చేయాలి: సమయం, మీటరు అంకె, తర్వాత ఆగే ఊరు. తిరిగొచ్చాక రాసుకోవడానికి పనికొస్తాయనే తప్ప అప్పటికి వేరే ఆలోచన లేదు.

మూడు నెలలు సిద్ధమయ్యాను. ఒక ఆదివారం కామారెడ్డి, మరో ఆదివారం నిర్మల్ దాకా వెళ్ళి వచ్చాను. బాలానగర్‌లో నా బండి చూసే మెకానిక్ యాదగిరి వెనక టైరు, చైను మార్చి, బ్రేకులు సరిచేశాడు. నాగపూర్ అవతల కామఠీ దాకా వెళ్ళి అదే రోజు వెనక్కి వస్తానంటే చేతిలోని స్పానర్ పక్కన పెట్టాడు.

"బండి గురించి ఫికర్ చెయ్యకుండ్రి మేడం, గిది పోయొస్తది. మీ నడుము సంగతి చూసుకోండ్రి."

"నడుముకు బెల్టు కొన్నానండి," అన్నాను.

"మరి నిద్రకేం కొన్నరు?"

నవ్వేసి వచ్చేశాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం, తెల్లవారుజామున నాలుగింటికి మూసాపేట బంకులో ట్యాంకు నింపి, ట్రిప్ మీటరు సున్నాకు తెచ్చి, మొదటి బిల్లు తీసుకున్నాను. ముందు రాత్రి తొమ్మిదికే పడుకున్నా కంగారులో మూడు గంటలు కూడా నిద్ర పట్టలేదు. మేడ్చల్ దాటాక చలి చేతి తొడుగుల్లోంచి లోపలికి వచ్చింది. కామారెడ్డి దగ్గర తెల్లవారింది. దారంతా నలభై నాలుగో నంబరు జాతీయ రహదారే, వెతుక్కునే పని లేదు. బైకులకు టోల్ లేదు. ఎనిమిదింటికి నిర్మల్‌లో ఇడ్లీ తిన్నాను. అక్కడి నుంచి ఘాటు రోడ్డు. మలుపుల్లో టేకు చెట్ల మధ్య నుంచి ఎండ చారలు చారలుగా పడుతుంటే, ఇది చూడకుండా ఇన్నేళ్లు ఎలా ఉన్నానా అనిపించింది. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన మీదికి వచ్చేసరికి పది గంటలు. ఆ నది అవతల మహారాష్ట్ర. బోర్డుల మీద లిపి మారింది, టీలో అల్లం ఎక్కువైంది, పత్తి చేలు మాత్రం అవే.

మధ్యాహ్నం ఒకటిన్నరకు కామఠీ బంకులో రెండో బిల్లు చేతికొచ్చింది. మీటరు ప్రకారం ఐదు వందల రెండు కిలోమీటర్లు. బంకులో పనిచేసే ఆవిడ నా బండి నంబరు ప్లేటు చూసి, ఎప్పుడు బయల్దేరారని హిందీలో అడిగింది. పొద్దున నాలుగింటికి అన్నాను. ఆవిడ పక్కవాళ్ళను పిలిచి చూపించింది. ఆ క్షణంలో నా అంత బలమైన మనిషి లేదనుకున్నాను. పెరుగన్నం తిని, రెండింటికి బండి వెనక్కి తిప్పాను.

తిరుగు దారి గురించి నాకు గుర్తున్నది చెబుతాను. అంతా బాగానే ఉంది. నడుము కొంచెం లాగింది, కళ్ళు మండాయి. హింగన్‌ఘాట్‌లో ఒకసారి, ఆదిలాబాద్ పొలిమేరలో ఒకసారి ఆగాను. నిద్ర వస్తున్నట్టు అనిపించలేదు. ఆఫీసు స్నేహితులు ఫోన్లో నా లొకేషన్ చూస్తూ సందేశాలు పెడుతున్నారు. ఉదయం నాలుగు దాకా గడువుంది, అర్ధరాత్రికే చేరిపోతానని లెక్క వేసుకున్నాను.

ఆరున్నరకు, చీకటి పడుతుండగా, నేరడిగొండ దగ్గర ఒక చిన్న దాబాలో టీకి ఆగాను. మీటరు ఏడు వందల యాభై తొమ్మిది. దాబా నడిపే గంగామణికి నా వయసే ఉంటుంది. వంట కూడా ఆమే. టీ ఇచ్చింది, తాగాను, నిర్మల్ ఎంత దూరమని అడిగాను. ఆమె గరిటె దించి నా ముందుకు వచ్చి నిలబడింది.

"అక్కా, ఈ మాట నువ్వు అడుగుడు మూడోసారి."

"లేదండీ, ఇప్పుడేగా అడిగాను."

"బండి దిగంగనే అడిగినవ్. ముప్పై కిలోమీటర్లన్న. టీ పట్టుకొని మళ్ళ అడిగినవ్, మళ్ళ చెప్పిన. మా ఆయన లారీ నడుపుతడు. ఒకటే మాట రెండుసార్లు అడిగిండంటే తాళంచెవి నేనే గుంజుకుంట."

నాకు కోపం వచ్చింది. ఆమె పొరబడిందనే అనుకున్నాను. అది రుజువు చేయడానికే ఫోన్ తీసి ఆదిలాబాద్ దగ్గర చేసిన రికార్డింగ్ పెట్టాను. అందులో నా గొంతు నిదానంగా, నాలుక మందంగా ఉంది. సమయం సరిగ్గానే చెప్పాను. మీటరు అంకె రెండుసార్లు తప్పు చదివాను. చాలాసేపు లారీల చప్పుడు. తర్వాత, "తర్వాత ఆగేది… హైటెక్ సిటీ సిగ్నల్. తొమ్మిదిన్నరకు మీటింగ్ ఉంది."

ఆ మాట అన్నట్టు నాకు ఏమాత్రం గుర్తు లేదు. ఆ మాట అన్న మనిషి ఆ తర్వాత ముప్పైకి పైగా కిలోమీటర్లు లారీల మధ్య బండి నడిపింది. బెంచీ మీద కూర్చున్నాను.

"ముందర ఘాటున్నది. చీకట్ల పోతవా?" అంది గంగామణి, గొంతు తగ్గించి.

పోదామన్న ఆశ అప్పటికీ చావలేదు. ఇంకా రెండు వందల నలభై ఐదు కిలోమీటర్లే. మూడు నెలల ఆదివారాలు, లొకేషన్ చూస్తున్న స్నేహితులు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అయినా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, "ఇగ తిను," అని జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది.

ఇంటికి ఫోన్ చేసి, పూర్తి చేయలేకపోయానని చెబుతుంటే ఏడుపొచ్చింది. మావారు ప్రసాద్, "రేపు ఎన్నింటికొస్తావని అడగను. నిద్ర తీరాక బయల్దేరు," అన్నారు.

దాబా వెనక వాళ్ళ ఇంట్లో, గంగామణి కూతురి మంచం మీద పది గంటలు నిద్రపోయాను. పొద్దున ఆమె తాళంచెవి ఇస్తూ నిర్మల్ ఎంత దూరమో చెప్పమంది. ముప్పై అన్నాను. "ఇప్పుడు పో," అంది. మధ్యాహ్నానికి మూసాపేటలో మూడో బిల్లు తీసుకున్నాను. మొత్తం వెయ్యి నాలుగు కిలోమీటర్లు, ముప్పై రెండు గంటలు. పెట్రోలు ఇరవై ఒక్క లీటర్లు పట్టింది, రెండు వేల మూడు వందల లోపే అయింది. సర్టిఫికెట్ రాలేదు.

సోమవారం ఆఫీసులో అందరూ అడిగితే ఆ రికార్డింగే వినిపించాను. మొదట నవ్వారు. మా టీములో రవికిరణ్ అనే అతను నవ్వలేదు. ప్రతి శుక్రవారం డ్యూటీ దిగాక కారులో ఒక్కడే విజయవాడ వెళ్ళే మనిషి. అందరూ లేచి వెళ్ళాక, "సూర్యాపేట దాటాక నాకేం గుర్తుండదండీ చాలాసార్లు. దారి అలవాటైపోయిందనుకునేవాణ్ణి," అన్నాడు. ఆ వారం అతను శనివారం పొద్దున బయల్దేరాడు.

నేను తెలుసుకోవాలనుకున్నది తెలిసింది. నా హద్దు తిరుగు దారిలో ఎక్కడో ఆదిలాబాద్ చేరకముందే ఉంది. ఆశ్చర్యమేమిటంటే, దాన్ని దాటుతున్నప్పుడు లోపల ఏ గంటా మోగలేదు. అలసిపోతే తెలుస్తుందనుకున్నాను. తెలుసుకోవాల్సిన బుర్రే ముందు అలసిపోతుందని ఆలోచించలేదు. మళ్ళీ ప్రయత్నిస్తానా అంటే తప్పకుండా, కానీ ముందు సరిగ్గా నిద్రపోవడం నేర్చుకుని.

మీరు వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. పెట్రోలు బంకుల జాబితాతో పాటు, తిరుగు దారిలో ఆరు వందల కిలోమీటర్ల తర్వాత ప్రతి వంద కిలోమీటర్లకు పడుకోవడానికి ఒక చోటు చూసి, దాని ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. మరుసటి రోజుకు సెలవు కూడా ముందే పెట్టేయండి.