గులాబీ రంగు మోరీ

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజుల్లో ఒక పొద్దున నేను బాత్రూంలో మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి, నీళ్లు పోయే మోరీని బతిమాలాను. "ప్లీజ్, ఒక్కసారి పో" అన్నాను. మనుషులతో రెండు ముక్కలు మాట్లాడాలంటే చెమటలు పట్టే వయసు అది. (ఆటోలో "ఆపన్నా" అనడానికి నోరు రాక, దిగాల్సిన చోటు దాటిపోయి నడుచుకుంటూ వెనక్కొచ్చేదాన్ని.) మోరీ దగ్గర మాత్రం ఏ మొహమాటమూ లేకుండా మాట్లాడాను. అదీ నన్ను పట్టించుకోలేదు.

హనుమకొండలో మొదటి ఉద్యోగం, మేడ మీద ఒంటి గది. ఆ గదంటే నాకు ప్రాణం. తలుపు వేసుకుంటే ఎంతసేపు చదువుకున్నా "లే" అనేవాళ్లు లేరు. మా అమ్మకు మాత్రం అదే భయం. "ఒక్కదానివి నీతోని ఏమైతదే? ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దుగాల వచ్చి చూస్త. మంచిగుంటె ఉండు. లేకుంటె సామాను సదురుకొని నాతోనే కేసముద్రం రా, రోజు రైల్ల పోయి రావచ్చు" అని ఫోన్లో తేల్చేసింది. నేనెంత పనిమంతురాలినో చూపించాలంటే పండుగ మొదటి రోజైన ఆ పొద్దున అమ్మ వచ్చేసరికి పూలతో బతుకమ్మ పేర్చి ఉండాలి అనుకున్నాను. ముందురోజు సాయంత్రమే మార్కెట్ నుంచి మోపెడు గునుగు పూలు తెచ్చాను. గునుగు తెల్లగా ఉంటుంది కదా, కాడలు సమానంగా కోసి, కొసలు గులాబీ రంగు కలిపిన నీళ్లలో ముంచాలి. మా ఊళ్లో ఈ పని వాకిట్లో చేస్తాం. ఇక్కడ, కింద ఉండే ఇంటి ఓనరు పెద్దమ్మ గది చూపించిన రోజే "కొత్త టైల్సు బిడ్డా, మరక వడొద్దు" అంది. అందుకని తెలివిగా బాత్రూంలో కూర్చున్నాను. పనయ్యాక మోరీ మీది జాలీ ఎత్తి, గులాబీ నీళ్లూ, కాడల ముక్కలూ, రాలిన గింజలూ అన్నీ ఆ రంధ్రంలోకే ఊడ్చేశాను. ఆ రాత్రే బతుకమ్మ పేర్చి, ఎంత శుభ్రంగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకుని పడుకున్నాను.

తెల్లారి స్నానం చేస్తే నీళ్లు పోలేదు. మడమలు మునిగాయి. కాసేపు చూశాను, కదల్లేదు. గదిలో గోడ పక్కన నేల మీదే నా పుస్తకాలు, వాటికీ ఆ నీళ్లకూ మధ్య ఒక్క గడప. నేను చదివిన నవలల్లో కథానాయికలకు విరహం ఉంటుంది, మోరీ ఉండదు. ఉంటే ఏం చేయాలో తెలిసేది. ధైర్యం కూడగట్టుకుని ప్లంబర్‌కు ఫోన్ చేస్తే, "పండుగ పూట ఎవలొస్తరమ్మా? రేపు జూద్దాం" అని పెట్టేశాడు. ఇక ఫోన్లో వీడియో వెతికాను. అందులో ఒకావిడ నవ్వుతూ వంటసోడా వేసి, నిమ్మకాయ పిండి, వేడినీళ్లు పోసింది. నేను ఏడుస్తూ పోశాను. బుస్సుమని గులాబీ నురుగు పొంగింది. (చూడ్డానికి చాలా అందంగా ఉంది, అది వేరే సంగతి.) బట్టలు ఆరేసే తీగ విప్పి లోపలికి పొడిచాను. ఏదో కొంచెం జారినట్టయింది. నా గది పైపు పెద్దమ్మ గిన్నెలు తోముకునే చోటికి దిగుతుందని అప్పుడే తెలిసింది.

"ఓ పిల్లా! పైన ఏం చేస్తానవే? నా బోళ్ల మీద రంగు నురుగు వడతాంది!"

"ఏం లేదు పెద్దమ్మా" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"పలుకవేందే? బతుకమ్మ నాడు హోలీ ఆడుతానవా?"

సరిగ్గా అప్పుడే అమ్మ మెట్లెక్కి వచ్చింది. మంచం మీద బతుకమ్మ, గడప దాకా గులాబీ నీళ్లు, ఆ నీళ్లలో బోర్లా పడి మోరీలో చెయ్యి పెట్టిన కూతురు. అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. తర్వాత "ఇదేనానే నీ సంసారం? లే, సామాను సదురు" అని, మంచం కింది సంచి లాగి నా బట్టలు అందులో కుక్కడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే "సరే అమ్మా" అనేదాన్నే. కానీ నా వేళ్లకు లోపల ఏదో మెత్తగా, చిక్కగా తగిలింది. సంచిలోకి నా దుప్పటి కూడా పోతోంది. "ఆగమ్మా! సదరకు! నేను రాను!" అని గట్టిగా అరిచి, దొరికినదాన్ని ఉన్న బలమంతా పెట్టి లాగాను. కాడలు, గింజలు, నా జుట్టు అన్నీ కలిసి అల్లుకుపోయి పిల్లి పిల్లంత ముద్ద వచ్చింది. మోరీ గుడగుడమంది. నీళ్లు గిర్రున తిరిగి దిగిపోయాయి.

"పోతాంది! పోతాంది!" అని కింద నుంచి పెద్దమ్మ, తనే లాగినంత సంబరంగా అరిచింది. ఆ తర్వాత పైకి వచ్చి అమ్మతో, "నీ బిడ్డకు నోరు లేదనుకున్న చెల్లే. గల్లీ మొత్తం ఇనవడ్డది" అంది. అమ్మ నవ్వలేదు. నా చేతిలోని ముద్దను తిప్పి తిప్పి చూసింది. సంచిని మాత్రం అలాగే వదిలేసింది, బట్టలు బయటికి తీయనూ లేదు, మూతి కట్టనూ లేదు.

మధ్యాహ్నం అమ్మను స్టేషన్‌కు నేనే తీసుకెళ్లాను, ఇంట్లో బతుకమ్మ వేళకు ఆమె చేరాలి కదా. దారి పొడుగునా కూరగాయల ధరలు మాట్లాడింది గానీ, ఉండమనీ అనలేదు, రమ్మనీ అనలేదు. మోచేతి దాకా గులాబీ రంగుతో, ప్లాట్‌ఫారం మీద కిటికీ చువ్వలు పట్టుకుని తీర్పు కోసం నిలబడ్డ ఆ పిల్లను ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఒకసారి దగ్గరకు తీసుకుని తల నిమరాలనీ అనిపిస్తుంది. రైలు కదిలాక అమ్మ చువ్వల దాకా ముందుకు వంగింది.

"మన వంటింటి మోరీ సుత చాన్నాళ్ల సంది ఆగింది బిడ్డా. దసరాకు వచ్చినప్పుడు జర తీసిపో."