కింద వాయించేది ఎవరు?

గోవిందరాజులు ఏ రికార్డునూ చివరిదాకా వినిపించడు. పాట మంచి ఊపు మీద ఉండగా ముల్లు పైకెత్తేస్తాడు. గది మూగబోతుంది. అప్పుడు నడుం వంచి, విన్నవాళ్ల మొహాలు కాదు, పాదాలు చూస్తాడు. చూసి అడుగుతాడు: "కింద వాయించేది ఎవరు?"

మేనకోడలు శోభారాణి ఆరేళ్లుగా ఈ తంతు చూస్తోంది. ఒక్క పాటయినా ఎట్లా ముగుస్తుందో ఆమెకు తెలియదు.

ఆయన హిందూపురంలో మిక్సీలు బాగుచేస్తాడు. ఒకసారి వీధిలోని సుంకమ్మ మిక్సీకి మోటారు కోసం బెంగళూరు పాత సామాన్ల అంగడికి పోయి, నలభై రికార్డులతో తిరిగొచ్చాడు. అరవైల్లో అమెరికాలో నల్లజాతి కళాకారులు వాయించిన సోల్ జాజ్ అనే సంగీతం. అన్నింట్లోనూ హామండ్ ఆర్గాన్ అనే కరెంటు వాయిద్యం. సుంకమ్మ ఇప్పటికీ రోట్లోనే రుబ్బుకుంటోంది.

"కింద వాయించేది ఎవరు?" అని పక్కంగడి నరేష్‌నూ అడిగాడు.

"కింద ఇంటోళ్లా అన్నా?"

"కాదప్పా. హార్మోనియం మాదిరి చేతులకు రెండు వరసల మెట్లు. అడుగున కాళ్లకు ఇంకో వరస. బేసు, అంటే అడుగు స్వరం, వాయించేకి వేరే మనిషి లేడు. ఎడమకాలే వాయిస్తాది. కుడికాలు శబ్దం పెంచుతాది, తగ్గిస్తాది."

నరేష్ చాలాసేపు ఆలోచించాడు. "రెండు చేతులూ రెండు కాళ్లూ దాంట్లోనే ఉంటే, దోమ కుడితే ఎట్లన్నా?"

ఆదివారం వస్తే ఈ పీడ రైలెక్కి ధర్మవరం చేరుతుంది. అక్కడ ఆయన అక్క పుల్లమ్మ, ఆమె కూతురు శోభారాణి ఉంటారు. ఒకసారి రైల్లోంచే శోభారాణికి ఫోన్ చేశాడు. "పాపా, ఆర్గాన్ తెస్తాండా! అరవై ఏండ్లది. అయినా పానం గట్టిగా ఉండాది. ఒక్క గీత పడలేదు. పన్నెండుకల్లా మీయమ్మకు పెట్టేస్తా."

ఎదుటి సీటావిడ మెల్లగా లేచిపోయి పోలీసులకు ఫోన్ చేసింది. పెనుకొండలో ఇద్దరు రైల్వే పోలీసులు ఎక్కారు.

"బ్యాగు తెరువప్పా. ఆర్గాన్ యాడ?"

గోవిందరాజులు నల్లటి పళ్లెం తీసి చూపించాడు. "దీంట్లోనే ఉండాది సార్."

"దాత ఎవరు?"

బ్యాటరీ ప్లేయరు మీద రికార్డు పెట్టాడు. కాసేపటికి ముల్లు ఎత్తి, వంగి, పోలీసు బూట్లు చూశాడు. పెద్దపోలీసు కాలు వెనక్కి లాక్కున్నాడు. "ఏందప్పా చూస్తాండావు? మళ్లా పెట్టు." పెనుకొండలో ఎక్కినవాళ్లు ధర్మవరంలో దిగారు.

ఈ కథకు అందరూ నవ్వేవాళ్లు. శోభారాణికి నవ్వు వచ్చేది కాదు.

ఎనిమిది నెలల కింద పుల్లమ్మకు పక్షవాతం వచ్చింది. చెయ్యి తిరిగొచ్చింది. మాట తిరిగొచ్చింది, కాస్త ఎక్కువే వచ్చింది. ఎడమకాలు మాత్రం రాలేదు. "కాలికి పని చెప్పాలమ్మా, చెబితే వస్తుంది" అన్నాడు డాక్టరు. నలభై ఏళ్లు గుంటమగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేసిన మనిషి. గుంటలోని చెక్కలు తొక్కమని కాలికి ఏనాడూ చెప్పి ఎరగదు. "ఇప్పుడు దాని గడ్డం పట్టుకుని బతిమాలాల్నా?" అని వ్యాయామం మానేసింది. మగ్గం మీద దుప్పటి కప్పించింది. ఆ దుప్పటి తీసే రోజు రావాలన్నదే శోభారాణి కోరిక.

అప్పటిదాకా పండక్కో పబ్బానికో వచ్చే మామ, అప్పటినుంచి ప్రతి ఆదివారం రాసాగాడు. కాలు ఎట్లుందని ఒక్కమాట అడగడు. పెట్టె తెరవడం, ముల్లు పెట్టడం, ఎత్తడం. హిందూపురంలో వినేవాళ్లు అయిపోయి తమ మీద పడ్డాడనుకుంది ఆమె.

మొన్న ఆదివారం కాఫీ తెస్తుంటే మళ్లీ ముల్లు లేచింది. శోభారాణికి ఓపిక తెగింది. "మామా, ఒక్కపాటన్నా పూర్తిగా పెట్టు! కడుపు నిండకముందే విస్తరి లాగేస్తావేమి?"

ఆయన నోటిమీద వేలు పెట్టుకున్నాడు. నేలకేసి కళ్లు తిప్పాడు.

పుల్లమ్మ తమ్ముణ్ణి తిడుతోంది. "ఆ ముల్లు ఎత్తే చెయ్యి ఇరగ!" ఆమె ఎడమకాలి బొటనవేలు మాత్రం నేల మీద లేచింది. కొట్టింది. మళ్లీ లేచి కొట్టింది. ఆర్గాన్ వదిలేసిన వరసను నిదానంగా పూర్తిచేసి ఆగింది.

శోభారాణి మామను వాకిట్లోకి లాక్కుపోయింది.

"మూడు నెలల్నుంచి కదులుతాండాది పాపా. ముందు గోరంత. పాట పూర్తిగా పెడితే కాలు వింటాది, అంతే. నడమ తెంపితే ఊరుకోలేదు. తనే పూర్తి చేస్తాది."

"మరి అమ్మకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే వ్యాయామమంటాది. ఆపేస్తాది. నీకు తెలీదా మీయమ్మ సంగతి?"

లోపలికి వచ్చి, ఈసారి శోభారాణే ముల్లు పెట్టింది. తనే ఎత్తింది. ఇద్దరూ వంగారు.

"ఏం చూస్తాండారు ఇద్దరూ? చీమలు పట్టినాయా?" పుల్లమ్మ కూడా వంగి చూసింది. వేలు కొడుతోంది. ఊరు తిరిగి ఇల్లు చేరిన బిడ్డను నిలదీసినట్టు కాలిని అడిగింది: "ఏమే, ఇన్నాళ్లూ యాడికి పోయింటివి?"

పుల్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "రే గోవిందా, నన్ను మగ్గం కాడికి పట్టుకోని పో."

"ఈపొద్దు కాదక్కా. ఆడ ఎలుకలు కాపురం పెట్టింటాయి."

ఆ రాత్రి ఆయన హిందూపురం పోలేదు. మరుసటి రోజు పొద్దున్నే మగ్గం మీది దుప్పటి దులిపి మడిచాడు. పంచె ఎగగట్టి గుంటలోకి దిగాడు. బూజూ దుమ్మూ చేటకెత్తి శోభారాణికి అందించాడు. తొక్కుడు చెక్కలు కిర్రుమనకుండా ఆముదం రాశాడు. ఎడమది తొక్కబోయి కుడిది తొక్కాడు.

"నీకు చేతకాదు, పైకి రా" అంది పుల్లమ్మ కుర్చీలోంచి.

గోవిందరాజులు పైకొచ్చి, చేతులు తుడుచుకుని, అక్కకు భుజం ఇచ్చాడు.