దిసారి లేని చిలకలు

మొన్న అరకు వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన తన బైనాక్యులర్ నా చేతికిచ్చి, అదిగో చిలకల గుంపు, ఎంత ముద్దుగా ఉన్నాయో చూడమ్మా అన్నాడు. చూశాను. ఆ ఎర్ర ముక్కు కళ్ళ ముందుకొచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. చిలకల్ని చూసి మురిసిపోయేవాళ్ళు ఒక్క ఏడు మా కొర్ర చేను కాపలా కాసి ఉండాల్సింది.

దసరా దాటి మంచు మొదలయ్యే రోజుల్లో, గూడెం కొత్తవీధి పైనున్న మా కొండ మీద, తెల్లారకముందే అమ్మ నన్ను లేపి మంచె ఎక్కించేది. చుట్టూ తడి గడ్డి వాసన, పండిన కంకుల వాసన, చేతిలో సొట్టలు పడ్డ రేకు డబ్బా, ఒళ్ళో వడిసెల రాళ్ళు, కడుపులో మామిడి టెంక అంబలి, అదీ అర డొప్ప. పొద్దెక్కేసరికి అంబలి అరిగిపోయేది, చిలకలు దిగేవి. ఈ చివర డబ్బా కొడితే ఆ చివర వాలేవి, గొంతు పోయేలా అరిస్తే ఓసారి తలెత్తి చూసి మళ్ళీ కంకి వలుచుకునేవి. సిగ్గూ శరమూ లేని జాతి.

మాకు మాత్రం కొత్త పండగ రావాలి. ముహూర్తం చెప్పే దిసారి రోజు పెట్టి, అమ్మోరికి కొత్త గింజ వండి పెట్టేదాకా చేలో కొడవలి వెయ్యకూడదు, గింజ నోట్లో వెయ్యకూడదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఊళ్ళో ఒక చావు జరిగితే, మైల అని దిసారి పండగ వెనక్కి జరిపాడు. పండిన చేను అలాగే నిలబడి ఉంది. ఒకరోజు ఆకలికి ఆగలేక కంకి నలిపి నోటిదాకా తీసుకెళ్తే, అమ్మ నా చేతి మీద ఒక్కటి వేసింది.

"ఏటి సేత్తన్నావే గుంటా? అమ్మోరికి ఎట్టకుండానే?"

"సిలకలు తింతన్నాయి కదే."

"ఆటికి దిసారి లేడు," అంది అమ్మ.

పండగ వచ్చేసరికి చేలో కంకులున్నాయి, కంకుల్లో గింజల్లేవు. పొరుగింటి గింజతో అమ్మోరికి వండి, చలికాలమంతా మేము టెంక అంబలే తాగాం. దిసారి మీదా అమ్మోరి మీదా కోపం చూపించే వయసూ ధైర్యమూ లేక, ఉన్నదంతా పిట్టల మీద పెట్టుకున్నాను. ఇప్పటికీ దించుకోలేదు, దించుకోను కూడా.

ఆ చేను ఇప్పుడు కాఫీ తోట. మంచె లేదు, వడిసెల తిప్పడం వచ్చిన పిల్లలు లేరు, కొర్రలు సంతలో కొనుక్కొచ్చి కొత్త పెడుతున్నాం. పోయిన పండగకి, అమ్మోరి కోసం వండిన కొర్రన్నం దించీ దించగానే నా కూతురు ముద్ద తీసి నోట్లో పెట్టేసుకుంది. నేను చెయ్యెత్తాను. పొయ్యి దగ్గరున్న అమ్మ ఆపింది.

"తిన్నీయే. ఆకలేసినోల్లే ముందల తినాల."

మనవరాలంటే ముసలమ్మకి ఎంత ముద్దో అని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నాకు ఆ చేలోనే కావలసింది, అప్పుడే.