జిలేబీకి ముందే మింగిన మాత్ర

ఆదివారం. పొద్దున్నుంచే ఉక్కపోత. కూలర్ ట్యాంకు కడిగి, షుగర్ ఉన్న మా బావతో కలిసి సూర్యాపేట నుంచి కోదాడకు పెళ్లికి బయలుదేరాను.

మునగాల దాటగానే బావ రెండు షుగర్ మాత్రలు మింగాడు.

“రోజూ ఒకటే కదా బావా?”

“ఇయ్యాల జిలేబీ ఉన్నదట. దానికొకటి ఎక్కువ.”

ఎంత ముందుచూపు! తీరా వెళ్తే, పిలిచిన పెద్దమనిషి ఇంకా రాలేదని వడ్డన ఆపేశారు. మామూలుగా మన క్లోమం రక్తంలో చక్కెర పెరిగాకే ఇన్సులిన్ ఎక్కువగా వదులుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. ఈ మాత్రలకు ఆ ఓపిక లేదు. తిండి వచ్చినా రాకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయిస్తాయి. పెద్దమనిషి కోసం అవి ఎందుకు ఆగుతాయి?

బావకు చెమటలు పట్టి, చేతులు వణికాయి. నన్ను చూసి “ఎవరు నువ్వు?” అన్నాడు. వంటవాళ్ల దగ్గరకు పరుగెత్తి, చక్కెర నీళ్లు తెచ్చి తాగించాను. కాసేపటికి తేరుకున్నాడు.

“దవాఖానకు పోదాం పా, బావా.”

“ఎందుకు బామ్మర్దీ? చక్కెర తాగితేనే లేచిన. సూసినవా, ఉత్తగనే వద్దంటరు మీరు. వడ్డిస్తున్నరా?”

బలవంతంగా తీసుకెళ్లాను. అక్కడ డాక్టరును బావ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: “వచ్చే వారం మిర్యాలగూడల ఇంకో పెండ్లి ఉన్నది సారూ. ఆకు ముందల కూసున్నంక ఏసుకుంటే సరిపోతదా?”

మీ ఇళ్లల్లోనూ ఇలాంటి వైద్యులు ఉంటే కింద చెప్పండి. అక్కా, ఇది చదవగానే మాత్రల డబ్బా నీ దగ్గర పెట్టుకో.