వీపు దులిపే పరీక్ష

ఆ రోజుల్లో, అంటే నాకు పదకొండేళ్ళు నిండిన రోజుల్లో, లోకంలో నాకు తెలియని సంగతులు చాలా తక్కువగా ఉండేవి. తర్వాత చదువుకున్న కొద్దీ అవి పెరుగుతూ వచ్చాయి. హిందూపురంలో మా వీధి చివర రేకుల కప్పు కింద ఒక గరిడీ ఉండేది. గరిడీ అంటే పెద్దదేమీ కాదు. కుస్తీ నేర్చుకోవడానికి ఎర్రమట్టి పోసిన గోదా, గోడకు ఆనించిన రెండు పారలు, మూలన ఒక నీళ్ళ కుండ. నేర్పే మనిషిని అందరం ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళం. ఆయన పగలంతా పెనుకొండ రోడ్డులో పంక్చర్లు వేసి, సాయంత్రం చేతులకు అంటిన నలుపు అలాగే ఉండగా వచ్చి మాకు కుస్తీ నేర్పేవాడు. నేను చేరి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో గోదాలో కంటే గ్రంథాలయంలోనే ఎక్కువ కుస్తీ నేర్చుకున్నాను. అక్కడ అట్ట చిరిగిన పుస్తకం ఒకటి దొరికింది. అందులోని కుస్తీ పట్ల పేర్లన్నీ వరసగా అప్పజెప్పగలిగేవాణ్ణి. (పట్టు పట్టడం వేరే సంగతి. బొమ్మల్లో అదీ సులువుగానే కనిపించేది.)

అప్పుడే ధర్మవరంలో పిల్లల కుస్తీ పోటీలు పెడుతున్నారని తెలిసింది. ఉస్తాద్ ముగ్గురిని ఎంపిక చేశాడు. వాళ్ళలో నేను లేను. నా తర్వాత రెండు నెలలకు చేరిన బక్కోడు ఉన్నాడు. వాడికి ఒక్క పట్టు పేరు కూడా తెలియదు. అదొక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేవాణ్ణి. కానీ నేను ధర్మవరం పోతున్నానని బడిలో అందరికీ ముందే చెప్పేసి ఉన్నాను. లెక్కల అయ్యవారి దగ్గరికి వెళ్ళి, పోటీ మరుసటి రోజు జరిగే పరీక్ష రాయడానికి నాకు వీలుకాకపోవచ్చునని వినయంగా తెలియజేశాను కూడా. ఆయన నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టి, "మన తరగతిలో పహిల్వాన్ ఉండాడు, జాగ్రత్త" అని అందరికీ చెప్పాడు. ఇప్పుడు పోకపోతే ఆ తరగతిలో మళ్ళీ తలెత్తుకోవడం కుదరదు.

రెండు రోజులు అన్నం మానేస్తే (మధ్యాహ్నం పక్కింట్లో తిన్నాను) నాయన కదిలాడు. ఉస్తాద్‌ను అడగడానికి ఆయన పంక్చర్ల అంగడికి వెళ్ళాడు. నేను పాత టైర్ల వెనక నిలబడి విన్నాను.

"ఏమప్పా, మావాణ్ణి ఎప్పుడు పంపిస్తావు పోటీకి? ఇంట్లో పోరు పడలేకుండా ఉండాము."

"పిల్లోడు పడేసేది చూసి నేను పంపించనన్నా. పడినాంక ఏం చేస్తాడో చూస్తా. మా గరిడీలో ఓడినోడు లేసి, గెలిచినోని వీపు మీది మన్ను దులపాల. దులిపే చెయ్యి చూస్తే నాకు తెలిసిపోతాది, వీడు పోటీకి పనికొస్తాడా లేదా అని. మీవాడు దులపడు. బాదుతాడు."

నాయన తలూపి, "బాదుతాడు, నిజమే" అన్నాడు. (నా తరఫున మాట్లాడటానికి వెళ్ళిన మనిషి.)

నాకు బాధ కలగలేదు. సంతోషం కలిగింది. ఇన్నాళ్ళూ ఉస్తాద్ నా బలం చూస్తున్నాడనుకుని శక్తి కొద్దీ బాదుతూ వచ్చాను. పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో ఇప్పుడు తెలిసిపోయింది. ఇక చదివి రాయడమే.

చదవడానికి అవ్వ వీపును ఎంచుకున్నాను. సాయంత్రం ఆమె అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. నేను వెనక నుంచి వెళ్ళి ఆమె వీపు మీద గుప్పెడు రాగిపిండి చల్లి, దులపడం మొదలుపెట్టాను.

"ఎవుర్రా అది?"

"నేనే అవ్వా. నీ వీపుకు పిండి అంటింది, దులుపుతాండా."

"నేను పిండి దగ్గరికే పోలేదు గదరా!"

"ఏమో. అంటింది."

మొదటి రోజు "సచ్చినోడా, నా వీపు ఇరగ్గొడతాండావు" అంది. మూడో రోజుకు "ఆ, అట్ల. ఎడమ పక్క ఇంగొంచెం" అంది. అయిదో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి చేట పక్కన పెట్టి, వీపు ఇటు తిప్పుకుని తయారుగా ఉంది. "యాడికి పోయినావురా ఇంతసేపు? పిండి తెచ్చుకోలేదా?" అని అడిగింది.

వారం తర్వాత గరిడీలో బక్కోడు నన్ను పడేశాడు. (ఇది రోజూ జరిగేదే.) నేను లేచి, ముఖాన చిరునవ్వు పెట్టుకుని, వాడి వీపు మీది మన్నును పసిబిడ్డకు పౌడరు అద్దినట్టు దులిపాను. వాడు మెలికలు తిరిగిపోయి, "ఏమిరా, చక్కిలిగింతలు పెడ్తాండావు!" అని గోల చేశాడు. ఉస్తాద్ నీళ్ళ కుండ దగ్గర నిలబడి చూశాడు. మరుసటి రోజు కూడా చూశాడు. మూడో రోజు, "సరే, ఆదివారం నువ్వూ రా" అన్నాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. పెనుకొండ కొండ కనబడేసరికి, గెలిచాక చెప్పాల్సిన మాటలు తయారయ్యాయి. "అంతా ఉస్తాద్ దయ" అనడమా, "ఉస్తాద్ దయ, అవ్వ ఆశీర్వాదం" అనడమా అన్నది మాత్రం ధర్మవరం స్టేషన్ దాకా తేలలేదు.

పోటీలు ఒక బడి హాలులో. అక్కడ మట్టి లేదు. నీలం రంగు మెత్తటి మ్యాట్ పరిచారు. నా మీదికి వచ్చినవాడు ధర్మవరం పిల్లాడే. సన్నగా ఉన్నాడు, జలుబు చేసి ముక్కు ఎగబీలుస్తున్నాడు. వాణ్ణి చూసి జాలిపడ్డాను. పుస్తకంలోని ఏడో బొమ్మ చాలుననుకున్నాను. ఏడో బొమ్మలో ముందు కుడికాలు ముందుకు పెట్టాలి, తర్వాత ఎడమచేతితో మెడ పట్టాలి. ఆ తర్వాత ఏమిటన్నది గుర్తు చేసుకుంటూ ఉండగా వాడు నా రెండు కాళ్ళూ పట్టుకున్నాడు. నాకు హాలు పైకప్పు కనబడింది. ఫ్యాన్‌కు ఒక రెక్క వంగి ఉంది. రిఫరీ మ్యాట్ మీద అరచేత్తో కొట్టాడు. అయిపోయింది.

లేచాను. చుట్టూ జనం నవ్వుతున్నట్టు తోచింది. (నిజానికి ఎవరూ నన్ను చూడటం లేదు. వాళ్ళ వాళ్ళ పిల్లలను చూసుకుంటున్నారు.) రేపు చూడాల్సిన లెక్కల అయ్యవారి ముఖం గుర్తొచ్చింది. అవతల ఆ పిల్లాడి వీపు కనబడింది. దాని మీద మన్ను లేదు, పిండి లేదు, ఏమీ లేదు. అయినా వెళ్ళి దులిపాను. ఆ చప్పుడు హాలంతా వినబడింది.

వాడు గిరుక్కున తిరిగాడు. "ఏమిటికి కొడ్తాండావు?"

"కొట్టల్యా. దులుపుతాండా."

"ఏముండాదని దులిపేకి?"

ఇంకోసారి దులిపాను. రిఫరీ నా రెక్క పట్టుకుని, "ఎవురప్పా ఈ పిల్లోని గురువు?" అని అరిచాడు.

ఉస్తాద్ తల మీది టోపీ సర్దుకుంటూ వచ్చాడు. "మా గరిడీలో ఇది మర్యాద సార్. ఓడినోడు గెలిచినోని వీపు దులపాల."

"మర్యాద ఇంత గట్టిగా ఉంటాదా?"

"కొత్త పిల్లోడు సార్. మర్యాద ఇంగా సరిగ్గా రాలేదు."

రిఫరీ నవ్వి వదిలేశాడు. ఉస్తాద్ మాత్రం అక్కడే వంగి, నా వేళ్ళ గుర్తులు పడిన ఆ పిల్లాడి వీపును తన చేత్తో మెల్లగా తుడిచాడు. పంక్చర్ల నలుపు పోని చెయ్యి అది. "బాగా ఆడినావప్పా" అన్నాడు వాడితో. ఓడినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

తిరుగు రైల్లో బక్కోడు మూడో స్థానం పతకం మెడలో వేసుకుని నిద్రపోయాడు. అవ్వ కట్టిచ్చిన చిత్రాన్నం పొట్లం నా ఒళ్ళో అలాగే ఉంది. పెనుకొండలో బండి ఆగినప్పుడు ఉస్తాద్ ఆ పొట్లం విప్పి సగం నా ముందు పెట్టాడు.

"మీ అవ్వ అంగడికాడికి వచ్చిండె" అన్నాడు.

"ఏమనె?"

"మావాడు నా వీపు మీద పిండి చల్లి దులిపేది నేర్చుకుంటాండాడు, నా నడుమునొప్పి గూడ తగ్గిపాయె, వాన్ని తొందరపడి పోటీకి పంపొద్దప్పా అనె."

"తెలిసీ ఎందుకు పిలుచుకొస్తివి ఉస్తాద్?"

ఆయన ఇంకో ముద్ద తీసుకుని, "దొంగతనంగా నేర్చుకున్నా చెయ్యికి అలవాటవుతాదేమో అనుకుంటి" అన్నాడు. "కాలే. నాది గూడ తొందరే. తిను."

మరుసటి రోజు లెక్కల పరీక్ష రాశాను. బాగా రాయలేదు. ఉస్తాద్ నన్ను మళ్ళీ పోటీకి పంపడానికి రెండేళ్ళు పట్టింది. ఈసారి పెనుకొండ. అక్కడా ఓడిపోయాను. కానీ అవతలివాడి వీపు దులిపి వచ్చాక, ఉస్తాద్ నా తల మీద చెయ్యి పెట్టి ఊరికే అలా ఉంచాడు. ఆ తర్వాత నేను పుస్తకాల వైపు పోయాను. కుస్తీకి పెద్ద నష్టం జరగలేదు.

ఇప్పుడు ఉస్తాద్ పోయి నలభై రోజులు దాటింది. ఆయన్ను మట్టి చేసిన రోజు ఖనన స్థలంలో ఆయన కొడుకు సమాధిలోకి దిగి, తండ్రిని పడుకోబెట్టి పైకి వచ్చాడు. ధర్మవరం పోటీలనాటికి అతను పుట్టనే లేదు, కానీ ఆ కథంతా తండ్రి నోట విన్నవాడే. అందరం మూడేసి గుప్పిళ్ళ మట్టి వేశాం. జనం తిరిగి పోతున్నప్పుడు అతని చొక్కా వెనక ఎర్రమట్టి కనబడింది. ఏమీ ఆలోచించకుండానే వెనక నిలబడి దులిపాను. అతను కదలకుండా నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని, తల తిప్పకుండానే అన్నాడు.

"ఏమన్నా, ఇంత మెల్లగ దులుపుతాండావు. మళ్ళా యాడన్నా పోటీ ఉండాదా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వకూడని చోటు. చేతికి అంటిన మట్టిని మాత్రం నేను వెంటనే దులుపుకోలేదు.