దాచుకున్న చేతులు

యానిమేషన్ సినిమా చూసేటప్పుడు నేను ముందు చేతులు చూస్తాను. మొహాలు ఎవరైనా గీస్తారు. పెద్ద కళ్లు గీసి వాటిలో రెండు తెల్ల చుక్కలు పెడితే చాలు, చూసేవాళ్లు కరిగిపోతారు. చేతుల దగ్గరే బండారం బయటపడుతుంది. అయిదు వేళ్లు గీయడానికి బద్ధకించి నాలుగుతో సరిపెట్టేవాళ్లు కొందరు. చెయ్యి గీయడం రాక పాత్ర చేత జేబుల్లో పెట్టించేవాళ్లు, వీపు వెనక్కి పెట్టించేవాళ్లు ఇంకొందరు. అలాంటి సీను కనపడితే నాకు ఒళ్లు మండుతుంది. బొమ్మ గీయడం రానివాడు చేతులు దాస్తాడని ఫేస్‌బుక్‌లో నా పేజీలో కనీసం పదిసార్లు రాసి ఉంటాను.

వీడియో గేముల మీద ఇంకా కోపం. గ్లాసు పట్టుకుంటే వేళ్లు గాజులోంచి అవతలికి వస్తాయి. తలుపు దగ్గరికి వెళ్తే చెయ్యి గొళ్లెం మీద పడకముందే తలుపు తెరుచుకుంటుంది. ఒక సేద్యం గేములో బటన్ నొక్కగానే పత్తి దానంతటదే వచ్చి సంచిలో పడేది. పత్తి తీసేటప్పుడు ఎండిన డొప్పలు గోళ్ల సందుల్లో గుచ్చుకుంటాయని, ఈ గేము చేసినవాళ్లు జన్మలో చేలోకి దిగి ఉండరని, పల్నాటి గాలి పీల్చినవాడిగా చెబుతున్నానని చాలా పొడుగ్గా రాశాను. జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా జన్మలో ఒక్క కాయ పత్తి తీయలేదన్న సంగతి మాత్రం రాయలేదు.

చిలకలూరిపేటలో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. ఉండేది మా ఊళ్లోనే, బండి మీద అరగంట దూరం. నాన్న మిరప, పత్తి వేస్తాడు. నేను ఆరో తరగతి నుంచి హాస్టళ్లలో పెరిగాను. మా మిరపకాయలు నాకు పనికొచ్చిందల్లా కళ్లంలో ఆరబోసినప్పుడు ఫోటో తీసుకోవడానికి, కంచంలోకి వచ్చినప్పుడు కలుపుకోవడానికి. అయినా బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు మిరప మీద నా మాటే చివరి మాట అన్నట్టు ఉండేవాణ్ణి.

ఏటా కోత అయ్యాక మా కళ్లంలోకి ఆడవాళ్ల ముఠా వస్తుంది. రంగు పోయిన తాలుకాయలు ఏరి, మంచి కాయలకి తొడిమలు తీస్తారు. చర్చి పక్క కాలనీలో ఉండే ఒకామె ఆ ముఠాకి పెద్ద. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. మా ఇంట్లో అందరూ ఆమెని పేరు పెట్టే పిలుస్తారు, నేను కూడా. నా పేజీలో అన్నిటికంటే ఎక్కువమందికి నచ్చిన పోస్టు సినిమా గురించి కాదు, ఈమె గురించి.

నాకు అయిదేళ్లప్పుడు కళ్లంలో పరిగెత్తుతూ పడి మోకాలు చీరుకుంది. అందరికంటే దగ్గరగా ఉన్నది ఆమే. లేచి నా దగ్గరికి వచ్చింది, కానీ ఎత్తుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని మా అమ్మ కోసం కేకలు వేసింది. ఆ వెనక్కి పోయిన చేతులు నాకు బాగా గుర్తు. మా నాయనమ్మ ఆ ముఠాకి నీళ్ల గ్లాసు వేరే పెట్టేది, ఆ మాట నిజం. కాబట్టి నాయనమ్మ భయానికే ఆమె నన్ను తాకలేదని, ఆ చేతుల్ని కట్టేసింది మా ఇల్లేనని పోస్టు రాశాను. చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నామని కామెంట్లు పెట్టారు. నా మంచితనానికి నాకే ముచ్చటేసింది.

ఆమె కూతురు మా కాలేజీలోనే ఇంటర్ చదివింది. ల్యాబ్‌లో అందరూ లెక్కలు చేస్తుంటే మౌస్‌తో బొమ్మలు గీసేది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ మొదట చూపించింది నేనే. తరువాత హైదరాబాదు వెళ్లి యానిమేషన్ నేర్చుకుంది. ఈ సంవత్సరం మొదట్లో తొమ్మిది నిమిషాల బొమ్మల సినిమా ఒకటి తయారు చేసుకుని, ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని మా వరండాలోకి వచ్చింది. దాన్ని చూపించి ఒక స్టూడియోలో ఉద్యోగం అడగాలట. బాగుందని చెప్పొద్దు సార్, ఉన్నదున్నట్టు చెప్పండి అంది. నా పేజీ మొదటినుంచీ చదువుతున్నానని కూడా అంది.

సినిమాలో మాటలు లేవు. ఒకామె పొద్దుటి నుంచి మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తుంది. పొద్దు వాలాక ఇంటికి వస్తుంది. గడప దగ్గర చంటిపిల్ల ఏడుస్తూ చేతులు చాపుతుంది. తల్లి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటుంది. వంగి తలతో పిల్ల పొట్ట మీద పొడుస్తుంది. పిల్ల కిలకిలా నవ్వుతుంది. అప్పుడు తల్లి లేచి నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్తుంది, సినిమా అయిపోతుంది.

నాకు ఆ వెనక్కి పెట్టిన చేతులు కనపడగానే పట్టరాని ఉత్సాహం వచ్చింది. తప్పు దొరికింది కదా. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని వింటుంటే గంటసేపు పాఠం చెప్పాను. ఎనిమిది నిమిషాలు చేతులు అంత బాగా గీసి ఆఖరికి వచ్చేసరికి దాచేశావేమిటన్నాను. పిల్లని ఎత్తుకునే చేతులు గీయడం కష్టమే, కానీ కష్టమని తప్పుకుంటే స్టూడియో వాళ్లు ఇట్టే పట్టేస్తారన్నాను. పైగా ఈ తల్లి తల్లిలాగా లేదు, బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోని తల్లి ఎక్కడుంటుందని కూడా అన్నాను.

ఆ అమ్మాయి ఒక్కసారే నోరు తెరిచింది.

"మా అమ్మ అట్టాగే సార్, ఇంటికి రాగానే..."

"మీ అమ్మ సంగతి కాదమ్మా. తెర మీద ఏం కనపడుతుందో అది మాట్లాడుకుందాం."

సరే సార్ అంది. ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్లిపోయింది. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతున్నాయి.

మిరపకాయ మండుతుందని తెలియకనా? ఈ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. రోజంతా తొడిమలు తీసిన చెయ్యి కడుక్కున్నా రాత్రికి గాని మంట చల్లారదని, అన్నం ముద్ద కూడా చెంచాతో తినే ఆడవాళ్లు ఉన్నారని మా కళ్లంలో ఎన్నిసార్లు వినలేదు? విన్నాను. కానీ తెర మీద చూసేసరికి నాకు మిరపకాయ గుర్తు రాలేదు, నా పేజీ గుర్తొచ్చింది.

ఆ అమ్మాయి మూడు వారాలు కూర్చుని ఆ సీను మళ్లీ గీసింది. ఒక్కొక్క బొమ్మ. స్టూడియోకి పంపే గడువు దగ్గర పడితే కొత్త సీనుతోనే పంపేసింది. ఆ తరువాత ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో అందరికీ చూపిస్తున్నారని, నేను వచ్చి రెండు మాటలు మాట్లాడాలని కబురు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

కిటికీలకి దుప్పట్లు కట్టారు. ముందు చాపల మీద ముఠా ఆడవాళ్లందరూ కూర్చున్నారు. వాళ్ల మధ్యలో ఆ అమ్మాయి తల్లి, ఉతికిన తెల్లచీరలో. తమ పని తెర మీద కనపడుతుంటే వాళ్ల ఆనందం చూడాలి. తాలుకాయ పక్కకి విసిరే తీరు చూసి ఇది ఫలానామె విసురని ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నారు. వేళ్లు అంత బాగా గీసిందా పిల్ల. తరువాత తల్లి ఇంటికి వచ్చింది. పిల్ల ఏడ్చింది. తల్లి రెండు చేతులూ చాపి పిల్లని ఎత్తుకుని, అరచేతులతో దాని కళ్లు తుడిచి, బుగ్గలు నిమిరింది.

హాలంతా ఒక్కసారిగా ఉలిక్కిపడింది. చాపల మీది ఆడవాళ్లు తమ కళ్లే మండినట్టు మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

"ఆ చేతులతో పిల్ల కళ్లు తుడిచిందేందే? కళ్లు పోవూ దానికి?" అని ఒకామె గట్టిగానే అనేసింది.

ఆ మాటకి నవ్వులు మొదలయ్యాయి. ఇంకొకామె, బొమ్మ మిరపకాయలు మండవులే అంది. ఇంకా నవ్వారు. వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు. సినిమాలో ఉన్నది తనేనని అక్కడ అందరికీ తెలుసు. ఆమె తల తిప్పి కూతురి వంక చూసింది. కూతురు ల్యాప్‌టాప్ వంక చూస్తూ నిలబడింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. కృతజ్ఞతలు అని ఉంది, దాని కింద నా పేరు ఒక్కటే ఉంది.

తప్పు నాదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. పాస్టరు గారు నన్ను పిలిచి మైకు కూడా చేతికిచ్చారు. పది నిమిషాలు మాట్లాడాను. మన ఊరి ఆడపిల్ల ఇంత ఎత్తుకి ఎదిగిందన్నాను, చేతులు గీయడం ఎంత కష్టమో వివరించాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ సీను ఊసెత్తలేదు. మైకు ఇచ్చేసి దిగుతుంటే ఇందాక కేకేసినామె ఆ అమ్మాయిని పట్టుకుని అడుగుతోంది, అదేందే అట్టా గీశావని. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.

"నాకే తెలీక గీశాను పిన్నీ" అంది ఆ అమ్మాయి.

నేను విననట్టు నటించి చెప్పులు వేసుకున్నాను. ముప్పై నాలుగేళ్లవాణ్ణి, పాఠాలు చెప్పేవాణ్ణి, నా శిష్యురాలు నా తప్పు తన నెత్తిన వేసుకుంటుంటే చెప్పులు వెతుక్కున్నాను. అంత సిగ్గులేని పని నేను ఇంకెప్పుడూ చెయ్యలేదు.

ఇంటికి వచ్చి అమ్మని అడిగాను, నేను కళ్లంలో పడ్డ రోజు గుర్తుందా అని. అమ్మ వంకాయలు తరుగుతూ, ఎందుకు గుర్తు లేదంది. ఆ రోజు ఆమె, చేతులు కాయల్లో ఉన్నాయమ్మా, బాబుని పట్టుకుంటే మంట పుడుతుంది, తొందరగా రండి అని ఊరు అదిరేలా అరిచిందట. మా నాయనమ్మ ఆ రోజు ఊళ్లోనే లేదట, ఒంగోలులో మా అత్త ఇంట్లో ఉందట.

గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. దాచుకున్న ఆ చేతుల్ని నేను రెండుసార్లు చూశాను. ఒకసారి వాటిలో మా ఇంటి పాపం చూసి కన్నీళ్లు పెట్టించాను, ఇంకోసారి బొమ్మ గీయడం రానితనం చూసి పాఠం చెప్పాను. రెండుసార్లూ అక్కడున్నది మిరపకాయ మంట, బిడ్డకి ఆ మంట తగలకూడదన్న జాగ్రత్త. గ్లాసు సంగతి నిజమే, అది వేరే సిగ్గు. దాన్ని అడ్డం పెట్టుకుని ఆమె నా మీద చూపించిన ప్రేమని భయమని నలుగురికీ చాటాను.

మర్నాడు కాలేజీకి వెళ్లేముందు కళ్లంలోకి వెళ్లాను. ఆమె కుప్ప ముందు కూర్చుని ఉంది. చేతులకి ఆముదం రాసుకుంది. ఎప్పటిలాగా పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు, వేరే ఏమని పిలవాలో తెలియలేదు. ఎదురుగా గొంతుక్కూర్చుని, సినిమాలో ఆ సీను మార్పించింది నేనేనని చెప్పాను.

"తెలుసు బాబూ" అంది తొడిమలు తీస్తూనే. "ముందు గీసింది నాకు చూపించింది గదా. మీ దగ్గరికి వచ్చి పోయినాకే మారింది."

కూతురు చెప్పిందా అని అడిగాను. చెప్పలేదట. అడిగితే తనకే అట్టా తోచిందని అందట. పక్కన ఉన్నవాళ్లు చేతులు ఆపి వింటున్నారు.

"నలుగుర్లో నేను బిడ్డ కళ్లల్లో కారం కొట్టినదాన్నయ్యాను, అదొక్కటే నాకు బాధ" అంది. తరువాత తల ఎత్తకుండానే అంది: "అది నన్ను చూసి గీసింది బాబూ. మిమ్మల్ని చూసి దిద్దింది."

పాత సీను మళ్లీ పెట్టించుకుని స్టూడియోకి పంపలేమా అన్నాను. గడువు అయిపోయిందట, పంపింది పంపినట్టేనట. కాలేజీకి టైమవుతుందేమో వెళ్లమంది.

ఆ వారం నా పేజీలో తప్పు ఒప్పుకుంటూ రాద్దామని కూర్చున్నాను. రాసింది చదువుకుంటే అందులో కూడా నేనే మంచివాణ్ణిగా కనపడ్డాను. కొట్టేశాను. చిన్నప్పటి సంగతి రాసిన ఆ పాత పోస్టయినా తీసేద్దామనుకున్నాను. కింద ఉన్న కామెంట్లు చదువుతూ చదువుతూ ఆగిపోయాను. అది ఇంకా అక్కడే ఉంది.

నెల తరువాత క్లాసులో ఉండగా ఆ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. స్టూడియోలో ఉద్యోగం వచ్చిందట. చూసిన వాళ్లందరికీ ఆఖర్లో తల్లి బిడ్డని ఎత్తుకునే సీను చాలా నచ్చిందట, ఆ చేతులు చూసే తీసుకున్నామని చెప్పారట. అంతా మీ దయ సార్ అని రాసింది. ఉద్యోగం వచ్చినవాళ్లు పెట్టే నవ్వు బొమ్మ ఒక్కటి కూడా ఆ మెసేజ్‌లో లేదు.

మూడుసార్లు రాసి మూడుసార్లూ చెరిపాను. పిల్లలు పైకి చూస్తున్నారు. చివరికి బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఫోను జేబులో పెట్టుకున్నాను.