నాగుల్‌మీరా రబ్బరు ప్యాడు

నరసరావుపేట బ్యాండుమేళంలో నాగుల్‌మీరా తోలు డ్రమ్ము పోయి రబ్బరు ప్యాడు వచ్చింది. కొట్టేది ఈయన, మోగేది మేళంలో కుర్రాడు ఫిరోజ్ లాప్‌టాప్‌. తోలు బిగియడానికి డ్రమ్మును ఎండబెట్టిన అలవాటుకొద్దీ ప్యాడునీ ఎండలో పెడతాడు. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి కొట్టి, మోత మారిందా లేదా అని చెవి ఒగ్గుతాడు. ఫిరోజ్ లాప్‌టాప్‌లో మీట నొక్కి శృతి పెంచితే, "సెగ తగలకుండా ఎట్టా బిగిసిందిరా?" అని గుర్రుమంటాడు.

దరువంతా ఫిరోజ్ ముందే లాప్‌టాప్‌లో ఎక్కించి పెట్టాడేమో, తన చేతులు ఉత్తుత్తివేనేమో అని అనుమానం. నిన్న పెళ్లి ఊరేగింపులో ఉన్నట్టుండి పుల్లలు పైకెత్తేశాడు. మోత ఆగిపోయింది. పెళ్లికొడుకుతో సహా అందరూ వెనక్కి తిరిగారు.

"ఏంది చాచా, ఆపావు?" అన్నాడు ఫిరోజ్.

నాగుల్‌మీరాకి ప్రాణం లేచొచ్చింది. మళ్లీ కొట్టబోతూ, లాప్‌టాప్ మీదున్న ఫిరోజ్ వేళ్లకేసి చూశాడు.

"ఒరేయ్, నువ్వుగానీ ఆపలేదు గదా?"